ఆఖరి నిమిషంలో "చిన్న మార్పు": వీడియో ఎడిటింగ్ చేసేవారికి, చేయించుకునేవారికి

అబుదాబి ద్వీపం దాటాక వచ్చే పారిశ్రామికవాడ ముసఫ్ఫా. ఇక్కడ ఫ్రీలాన్స్ ఎడిటర్‌గా నాకు పెళ్ళి వీడియోల కంటే కంపెనీల సేఫ్టీ వీడియోలే ఎక్కువ వస్తాయి. వీటిలో అందరికీ ఎదురయ్యే చిక్కు ఒక్కటే: పని అయిపోయాక వచ్చే మార్పులు.

నా అనుభవం

ఒక కంపెనీకి ఎండదెబ్బ జాగ్రత్తల మీద ఆరు నిమిషాల వీడియోను హిందీ, ఉర్దూ, బెంగాలీ, మలయాళం, తెలుగు భాషల్లో చేశాను. మర్నాడు పొద్దున షిఫ్టుకు ముందు కార్మికులకు చూపించాలి. రాత్రి పదింటికి ఫోన్. "అన్నా, చిన్న మార్పే. ఐదు నిమిషాల పని!"

మార్పు ఏమిటంటే, యూఏఈలో ఏటా జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 వరకు మధ్యాహ్నం 12.30 నుంచి 3 గంటల వరకు నేరుగా ఎండలో పని చేయించడం నిషేధం. వాళ్ళిచ్చిన స్క్రిప్టులో "ఒంటి గంట నుంచి" అని ఉంది. అంటే అరగంట ఎండలో నిలబెట్టినట్టే. స్క్రిప్టు వాళ్ళదే, కానీ ఇక్కడే ఉంటున్న నేనూ గమనించలేదు.

ఒక్క వాక్యమే, కానీ ఐదు గొంతులు, ఐదు సబ్‌టైటిళ్ళు, ఐదు ఫైళ్ళు. అప్పటికి హైదరాబాదులో పదకొండున్నర, గొంతు ఇచ్చినవాళ్ళు నిద్రలో ఉన్నారు. అందుకని తెర మీద అక్షరాలు సరిచేసి, తప్పు వాక్యం వినపడకుండా తీసేసి, ఆ వేళలు సూపర్‌వైజర్ చదివి చెప్పాలని రాసి పంపాను. గొంతులు తర్వాతి వారం రికార్డు చేశాం. డబ్బు సంగతి మాత్రం ముందు మాట్లాడలేదు. ఆ వారం పనికి పైసా రాలేదు.

అప్పటి నుంచి పాటిస్తున్న పద్ధతి

1. ముందు కారణం చూడండి. నా పొరపాటైతే ఉచితం. వాళ్ళిచ్చిన సమాచారంలో తప్పయితే రుసుము. కొత్త ఆలోచన అయితే కొత్త కొటేషన్. మనుషులకు హాని జరిగే తప్పయితే ముందు సరిచేయాలి, కానీ రుసుము ఉంటుందని అప్పుడే ఒక ముక్క రాసి పెట్టాలి.

2. దశలు ముందే చెప్పండి. రఫ్ కట్ మీద రెండు విడతల మార్పులు ధరలోనే కలిపి ఉంటాయి. ఆపై క్లయింటు "కట్ ఖాయం" అని రాసివ్వాలి. ఆ తర్వాత రెండు సెకన్లు తీసేసినా, సెకనుకు 25 ఫ్రేములు గనుక, వెనకున్నదంతా 50 ఫ్రేములు జరుగుతుంది. గొంతు, సంగీతం, సబ్‌టైటిళ్ళు అన్నీ మళ్ళీ చూసుకోవాలి.

3. ఫోన్లో చెప్పింది కాగితం మీదకు తెండి. ఏ నిమిషం ఏ సెకను దగ్గర, ఏం మార్చాలి, ఎంత అవుతుంది, ఎప్పటికి ఇస్తాను అని ఈమెయిల్ పంపండి. "సరే" అని జవాబు వచ్చాకే మొదలుపెట్టండి.

4. మార్పులు ఒక్కరి నుంచే, ఒకే జాబితాగా తీసుకోండి. మేనేజరు ఒకటి, సేఫ్టీ ఆఫీసరు ఇంకొకటి చెబితే నలిగేది మనమే.

5. పాత ప్రాజెక్టు ఫైలు అలాగే ఉంచి, కాపీ మీదే పని చేయండి. "మొదటిదే బాగుంది" అనే రోజు తప్పక వస్తుంది.

6. సగం అడ్వాన్సు తీసుకోండి. మిగతాది అందేవరకు వాటర్‌మార్కు ఉన్న ఫైలే ఇవ్వండి. అయితే సేఫ్టీ వీడియో విషయంలో ఈ నియమం సడలిస్తాను.

యూఏఈలో ఉన్నవారికి ఇంకో రెండు మాటలు. ఉద్యోగ వీసా మీద ఉండి అనుమతి లేకుండా బయటి పని ఒప్పుకోవద్దు. 2018 జనవరి 1 నుంచి అమల్లో ఉన్న 5 శాతం వ్యాట్‌ను రిజిస్టరైనవారే బిల్లులో వేయాలి. ఏడాదికి 3,75,000 దిర్హాములు దాటితే రిజిస్ట్రేషన్ తప్పనిసరి.

మన పాఠకుల్లో చాలామంది ఇంజనీర్లు, మేనేజర్లు, అంటే పని చేయించుకునే వైపువాళ్ళు. మీకు నా విన్నపం ఒక్కటే: వీడియోను ముగిశాక కాదు, స్క్రిప్టు దశలోనే సేఫ్టీ ఆఫీసరుకు చూపించండి. కాగితం మీద తప్పు దిద్దడానికి ఒక పెన్ను చాలు.