అవ్వను చూసుకునే పనికి దుడ్లు తీసుకోవచ్చా? ఇల్లరికం నుంచి కేర్‌టేకర్ దాకా

పోయిన వారం ప్రొద్దుటూరు నుంచి ఒకమ్మాయి మెసేజ్ పెట్టింది. "అన్నా, ముసలోళ్లను చూసుకునే సర్వీస్ ఒకటి సొంతంగా పెట్టాలనుకుంటున్నా. వైద్యం కాదు, ఇంజెక్షన్లు గింజెక్షన్లు ఏమీ ఉండవు. స్నానం చేయించడం, అన్నం తినిపించడం, బ్యాంకుకు తోడు పోవడం, సాయంత్రం కాసేపు కూర్చుని మాట్లాడడం. అంతే. మా ఇంట్లో మాత్రం, పెద్దోళ్లను చూసుకునేదానికి దుడ్లు తీసుకుంటావా, మన సీమలో ఇట్లాంటిది ఎప్పుడన్నా ఉండిందా అని తిడుతున్నారు. నిజంగా ఉండిందా లేదా చెప్పన్నా."

చెల్లెమ్మా, ఉండింది. జీతం రూపంలో కాదు, భూమి రూపంలో ఉండింది. ఈ రోజు మాట్లాడుకునేది దాని గురించే.

ఒక రైతును ఊహించుకోండి. నూట యాభై ఏళ్ల కింద, జమ్మలమడుగు పక్కన నల్లరేగడి పొలం. ఒక్కతే కూతురు, కొడుకులు లేరు. ఒంట్లో బలం తగ్గుతోంది. రేపు సేద్యం ఎవరు చేయాల? మంచాన పడితే ఎవరు చూడాల? ఆయన చేసే పని, ఒక పిల్లోణ్ణి చూసి కూతుర్నిచ్చి తన ఇంట్లోనే పెట్టుకోవడం. ఇల్లరికం. ఆ మాట వింటే మనకు నవ్వొస్తుంది. 1959లో అక్కినేని నాగేశ్వరరావు 'ఇల్లరికం' సినిమా వచ్చేనాటికే ఇల్లరికపు అల్లుడంటే జోకు. కానీ కడప, కర్నూలు, బళ్లారి, నెల్లూరు జిల్లాల రెడ్డి, కాపు కుటుంబాల్లో అది జోకు కాదు, ఒప్పందం. బ్రిటిష్ వాళ్ల కోర్టు కాగితాల్లో దీన్ని 'ఇల్లటం' అని రాశారు. 1880ల నాటికే మద్రాసు హైకోర్టు దీన్ని చెల్లే ఆచారంగా గుర్తించింది. 1909లో ఎడ్గార్ థర్‌స్టన్ దక్షిణాది కులాల మీద ఏడు సంపుటాలు వేసినప్పుడు కాపుల గురించి చెబుతూ దీన్నీ రాశాడు.

షరతులు చూడండి, భలే ఉంటాయి. అల్లుడు దత్తపుత్రుడు కాడు. దత్తతకు పోయినోడు పుట్టింటి ఆస్తిలో హక్కు పోగొట్టుకుంటాడు, ఇల్లటపు అల్లుడికి పోదు. మామ ఇంట్లో ఉండి సేద్యం చేయాల, ఇల్లు చూసుకోవాల. దానికి బదులుగా మామ ఆస్తి. ఆ తర్వాత మామకు కొడుకు పుట్టినా అల్లుడికి ఆ కొడుకుతో సమానంగా వాటా. అట్లని, వేరే ఒప్పందం లేకపోతే, మామ బతికుండగానే నా వాటా పంచివ్వు అని అడిగే హక్కు లేదు. అంటే చివరి దాకా ఉంటేనే కూలి దక్కుతుందన్నమాట. ఇది ప్రేమ కాదని నేను అనడంల్లేదు. ప్రేమ ఉన్నా సరే, లెక్క కూడా ఉండింది. పెద్దోళ్లను చూసుకోవడానికి మన తాతలు ప్రతిఫలం మాట్లాడుకున్నారు, అదీ పది మంది ముందర.

ఇక్కడ ఒక సంగతి నన్ను కొరుకుతుంది. ఆ ముసలాయన మంచాన పడ్డాక ఆయనకు నీళ్లు పోసిందెవరు? గంజి తాపిందెవరు? పక్క మార్చిందెవరు? అల్లుడు పొలంలో ఉన్నాడు. ఆ పని చేసింది కూతురు. భూమి వచ్చింది అల్లుడికి. కోర్టులు దశాబ్దాల పాటు అల్లుడి వాటా ఎంత అని వాదించుకున్నాయి. కూతురి చేతుల పనికి వెల కట్టమని అడిగినోళ్లు లేరు. 1985 సెప్టెంబర్ నుంచి అమల్లోకి వచ్చేట్టు ఎన్టీఆర్ ప్రభుత్వం హిందూ వారసత్వ చట్టానికి రాష్ట్ర సవరణ తెచ్చి, ఉమ్మడి ఆస్తిలో కూతుళ్లకు సమాన హక్కు ఇచ్చింది. దేశమంతటికీ అది రావడానికి 2005 దాకా పట్టింది. కూతురికే హక్కు వచ్చాక ఇల్లటానికి అవసరం సగం పోయింది. నీళ్లు పోసే పని మాత్రం ఆమె దగ్గరే ఉండిపోయింది.

సరే, ఇది భూమి ఉన్నోళ్ల కథ. భూమి లేనోళ్ల సంగతేంది? చేయి ఆడినన్ని రోజులు కూలికి పోవడమే. 1876-78 కరువు వచ్చినప్పుడు అది బయటపడింది. కడప, కర్నూలు, బళ్లారి జిల్లాలు దారుణంగా దెబ్బతిన్నాయి. పని చేయగలిగినోళ్లకు కరువు పనులు పెట్టారు. 1877లో రిచర్డ్ టెంపుల్ వచ్చి మగమనిషికి రోజుకు పౌను ధాన్యం, ఒక అణా చాలన్నాడు. మరి రాళ్లు కొట్టలేని అవ్వాతాతలకు? వాళ్లకు శిబిరాల్లో ఉచితంగా కూడు. ఆ తర్వాత 1880 కరువు కమిషన్, దాని వెనక వచ్చిన కరువు నిబంధనలు, పని చేయలేని ముసలోళ్లకు, రోగులకు ఉచిత సాయం ఇవ్వాలని రాసుకున్నాయి. అంటే ముసలితనం సర్కారు పద్దులోకి ఎక్కింది, కరువు పేరు మీద. మామూలు రోజుల్లో మళ్లీ ఎవరి కర్మ వాళ్లది.

అదే శతాబ్దం చివర్లో జమ్మలమడుగులో లండన్ మిషనరీ సొసైటీ వాళ్లు ఆసుపత్రి పెట్టారు. క్యాంప్‌బెల్ ఆసుపత్రి అంటే ఇప్పటికీ చుట్టుపక్కల అందరికీ తెలుసు. డాక్టర్ చదువు అయిపోయాక వై.ఎస్. రాజశేఖరరెడ్డి కొన్నాళ్లు పని చేసింది అక్కడే. తర్వాత 1973లో పులివెందులలో తండ్రి రాజారెడ్డి పేరు మీద 70 పడకల ఆసుపత్రి కట్టించారు. వైద్యానికి మన దగ్గర ఇట్లా పేర్లున్నాయి, బిల్డింగులున్నాయి, శిలాఫలకాలున్నాయి. రోగిని తిప్పి పడుకోబెట్టినోళ్ల పేర్లు లేవు. ఆ రోజుల్లో పరాయి మనిషి ఒంటిని తాకే పనిని చాలా కులాల వాళ్లు తక్కువ పనిగా చూశారు. అందుకే అప్పట్లో దేశమంతటా నర్సుల్లో క్రైస్తవ ఆడవాళ్లే ఎక్కువ ఉండేవాళ్లు. చెల్లెమ్మా, ఈ ముక్క గుర్తుపెట్టుకో, చివర్లో మళ్లీ వస్తా.

కాశినాయన గురించి కూడా ఒక మాట. 1995లో సమాధి అయిన అవధూత. నల్లమల అంచున జ్యోతి క్షేత్రం. ఆయన పేరు మీద సీమలో ఎన్నో చోట్ల అన్నదాన సత్రాలున్నాయి. ఎవరన్నది అడక్కుండా అన్నం పెడతారు. ఇంట్లో గడవని ముసలోళ్లకు అది పెద్ద దిక్కు. అయితే సత్రానికి మనిషే నడిచి పోవాల. మంచం మీద నుంచి లేవలేని మనిషి దగ్గరికి సత్రం రాదు కదా.

ఇప్పుడు మన కాలానికి వద్దాం. కేంద్రం 1995 ఆగస్టు 15న జాతీయ వృద్ధాప్య పింఛను మొదలుపెట్టింది. మన రాష్ట్రంలో వై.ఎస్. కాలంలో నెలకు 200, 2014లో 1000, 2019 మొదట్లో 2000, తర్వాత మెట్లు మెట్లుగా 3000, 2024 జులై నుంచి 4000. 2020 ఫిబ్రవరి నుంచి ఇంటికే తెచ్చి ఇవ్వడం మొదలైంది. దీన్ని తక్కువ చేసి మాట్లాడేవాళ్లంటే నాకు చిరాకు. ఒకటో తారీఖు నాలుగు వేలు చేతిలో పడిన అవ్వను ఇంట్లో చూసే చూపే వేరు. కానీ నాలుగు వేలు మనిషిని మంచం మీద నుంచి లేపవు. లేపాలంటే రెండు చేతులు కావాల.

ఆ చేతులు యాడికి పోయినాయి? రెండు దారుల్లో పోయినాయి. ఒకటి చదువు దారి. ఫీజు రీయింబర్స్‌మెంట్ వచ్చింది, ఇడుపులపాయలో ట్రిపుల్ ఐటీ వచ్చింది, పులివెందులలో జేఎన్‌టీయూ కాలేజీ వచ్చింది. చీనీ తోటల రైతు కొడుకు బెంగళూరులో సాఫ్ట్‌వేర్. మంచిదే, దాని కోసమే కదా అమ్మానాన్నలు కష్టపడింది. ఇంకోటి కువైట్ దారి. ఉమ్మడి కడప జిల్లా నుంచి, ముఖ్యంగా రాజంపేట, రాయచోటి వైపు నుంచి, వేల మంది ఆడవాళ్లు ఇంటి పనికి కువైట్ పోయారు. ఖద్దామా అంటారు. అక్కడ చాలామంది చేసే పనేంది? పిల్లల్ని ఎత్తుకోవడం, వంట, ఆ ఇంటి పెద్దామెకు స్నానం, మందులు గుర్తు చేయడం, వీల్‌ఛైర్ తోయడం. మన అవ్వ ఒంటరిగా వాకిట్లో కూర్చుంటే, ఆమె కూతురు సముద్రం అవతల ఇంకో అవ్వను చూసుకుంటోంది. చెల్లెమ్మా, నువ్వు ట్రైనింగ్ ఇచ్చిన స్టాఫ్ దొరకరని భయపడుతున్నావు కదా. నలభై ఐదేళ్లకు, యాభై ఏళ్లకు తిరిగొచ్చిన ఈ ఆడవాళ్లను చూడు. చేతిలో సర్టిఫికెట్ లేదు, పదేళ్ల అనుభవం ఉంది.

మూడోది కూడా ఉంది, దాన్ని దారి అనలేం. 2020లో గండికోట జలాశయంలో నీళ్లు పెంచినప్పుడు తాళ్లప్రొద్దుటూరు లాంటి ఊర్లు ఖాళీ అయినాయి. పరిహారం, ఇంటి స్థలం గురించి చాలా మాట్లాడారు. ఊరంటే ఇండ్లే కాదు. పక్కింటామె రోజూ పొద్దున "ఏం జేజీ, లేచినావా" అని పలకరించడం కూడా ఒక రకం కాపలా. ఊరు చెదిరితే ఆ పలకరింపూ చెదురుతుంది. దానికి పరిహారం పట్టికలో గడి లేదు.

బయట దేశాల్లో ఏం జరిగిందో చూస్తే, 1994లో అమెరికాలో ఒమాహా అనే ఊర్లో పాల్ హోగన్, లోరీ హోగన్ అనే భార్యాభర్తలు హోమ్ ఇన్‌స్టెడ్ అనే కంపెనీ పెట్టారు. పాల్ వాళ్ల అవ్వను ఇంట్లో వంతులేసుకుని చూసుకున్న అనుభవంలోంచి పుట్టిన ఆలోచన అది. వైద్యం లేదు, తోడు, వంట, చేయూత. నువ్వు చెప్పినవే. అది పెద్ద గొలుసు వ్యాపారమైంది. జపాన్ వేరే దారి పట్టింది, 2000 ఏప్రిల్ నుంచి నలభై దాటిన వాళ్లందరి దగ్గరా ప్రీమియం వసూలు చేసి సంరక్షణ బీమా నడుపుతోంది. మనకు బీమా లేదు, అమెరికా జీతాలూ లేవు. అందుకే మన లెక్క మనమే వేసుకోవాల.

లెక్క కోసం ఒక మనిషికి రోజుకు 500 అనుకుందాం. నెలకు 15,000. ఒకే ఇంట్లో పగలంతా ఉంటే ఆ ఇల్లే మొత్తం భరించాల. బెంగళూరు కొడుకు భరిస్తాడు, షాపులో గుమాస్తా భరించలేడు. అదే మనిషి రోజుకు నాలుగు ఇండ్లు, ఇంటికి రెండు గంటల చొప్పున తిరిగితే ఇంటికి 3,750. తిరుగుడు ఖర్చు, నీ ఫోను, నీ ఆదాయం కలిపితే ఐదు వేల దగ్గర తేలుతుంది. పింఛను నాలుగు వేలకు ఇంకో వెయ్యి కలిపితే సరి. కానీ ఇది నాలుగు ఇండ్లు దగ్గర దగ్గరగా ఉంటేనే. ప్రొద్దుటూరు సందుల్లో కుదురుతుంది. జమ్మలమడుగు చుట్టూ పల్లెల్లో, పులివెందుల తోటల ఇండ్లకు, పెట్రోలుకే సగం పోతుంది. కాబట్టి ప్రొద్దుటూరులో ఒక్క పేటతో మొదలుపెట్టు. మూడు ఊర్ల పేర్లు బోర్డు మీద రాయడానికి తొందరేం లేదు.

ఇప్పుడు చట్టం. 2007లో తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ చట్టం వచ్చింది. పిల్లలు చూడకపోతే ట్రిబ్యునల్‌కు పోవచ్చు, నెలకు 10,000 దాకా ఇప్పించవచ్చు. ప్రొద్దుటూరు వాళ్లకు జమ్మలమడుగు ఆర్డీవో, 2022 నుంచి పులివెందులకు వేరే డివిజన్ ఉంది. ఇందులో 23వ సెక్షన్ చదివితే నాకు ఇల్లటం గుర్తొస్తుంది. చూసుకోవాలనే షరతు మీద ఆస్తి రాసిచ్చి, వాళ్లు చూడకపోతే ఆ దానపత్రాన్ని రద్దు చేయించవచ్చు. ఆ షరతు ఉందని చూపించాల్సిందే అని 2022 డిసెంబరులో సుప్రీంకోర్టు అంది. 2025 జనవరిలో ఇంకో కేసులో, ఈ చట్టాన్ని పెద్దోళ్ల వైపు నుంచి ఉదారంగా చదవాలని చెప్పి ఒక తల్లి ఇచ్చిన దానపత్రాన్ని రద్దు చేసింది. భూమికి బదులు సేవ అనే పాత ఒప్పందం పోలేదు. కోర్టు మెట్లు మళ్లీ ఎక్కింది.

అందుకే నీ వ్యాపారంలో మొదటి కాగితం మీద మొదటి వాక్యం ఇదే ఉండాల: మా మనిషి భూమి, బంగారం, ఏటీఎం కార్డు ముట్టుకోదు, ఏ కాగితం మీదా సంతకం గానీ వేలిముద్ర గానీ పెట్టించదు. అది బంగారం అంగళ్ల ఊరు, అవ్వ మెడలో గొలుసు ఉంటుంది. మొదటి రోజే ఇంటి వాళ్ల ముందర ఏమేం ఉన్నాయో రాసి ఫోటో తీయి. రేపు ఒక కమ్మ కనపడకపోతే మొదట వేలు చూపించేది నీ దగ్గర పని చేసే ఆమె వైపే. ఆమెను కాపాడాల్సింది నువ్వు. మందు గుర్తు చేయొచ్చు, డోసు మార్చకూడదు. ట్యూబులు, సూదులు నర్సు పని. ఇంట్లో పెద్దమనిషిని కొడుతున్నారని తెలిస్తే 14567కు ఫోన్ చేయి, అది వృద్ధుల హెల్ప్‌లైన్.

ఇందాక చివర్లో వస్తానన్న ముక్క. నీకు వచ్చే మొదటి ఫోన్లలో రేటు కంటే ముందు అడిగేది "ఆమె ఏం కులం" అని. వంటింట్లోకి వస్తుంది కదా అంటారు. నువ్వు చెప్పే జవాబు మీద నీ దగ్గర ఎవరు పని చేస్తారో, ఎవరు మానేస్తారో తేలుతుంది. కువైట్‌లో పదేళ్లు వండిపెట్టి వచ్చిన ఆమెను ప్రొద్దుటూరులో వాకిట్లో నిలబెట్టేవాళ్లకు సర్వీస్ ఇవ్వనని చెప్పగలవా? మొదటి నెల కష్టమే, నాకు తెలుసు. ఆ జవాబు ఏందో ఇప్పుడే, ఫోన్ రాకముందే, నీ పార్ట్‌నర్‌తో కూర్చుని తేల్చుకో.