పాత కంప్యూటర్‌కు లినక్స్: ఇంటి పనులకు ఎంతవరకు సరిపోతుంది?

విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సాధారణ సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ముగిసింది. విండోస్ 11 వేసుకుందామంటే టీపీఎం 2.0 చిప్, కంపెనీ జాబితాలో ఉన్న ప్రాసెసర్ కావాలి. పాత కంప్యూటర్లలో చాలావాటికి ఇవి లేవు. పిల్లల చదువు కోసం కొన్న మెషీన్ బాగానే నడుస్తుంటే దాన్ని మూలన పడేయాలా? అక్కర్లేదు. లినక్స్ అనే దారి ఉంది.

లినక్స్ అంటే ఏమిటి?

1969లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో కెన్ థాంప్సన్, డెనిస్ రిచీ యునిక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ పని మొదలుపెట్టారు. అదే పద్ధతిలో నడిచే లినక్స్‌ను 1991లో ఫిన్లాండ్ విద్యార్థి లినస్ టోర్వాల్డ్స్ తయారుచేశాడు. ఆండ్రాయిడ్ ఫోన్ల లోపల ఉన్నదీ లినక్స్ కెర్నెలే. అంటే మనలో చాలామంది తెలియకుండానే దాన్ని రోజూ వాడుతున్నాం. డెస్క్‌టాప్‌కు ఉబుంటు, లినక్స్ మింట్ లాంటి రకాలు ఉచితంగా దొరుకుతాయి. విండోస్ అలవాటున్నవారికి మింట్ సులువు. కింద మెనూ, టాస్క్‌బార్ అన్నీ తెలిసినట్టే ఉంటాయి. దానికి కనీసం 2 జీబీ ర్యామ్ కావాలి, 4 జీబీ ఉంటే హాయిగా నడుస్తుంది.

ఏ పనులు జరుగుతాయి?

ఫైర్‌ఫాక్స్, క్రోమ్ రెండూ ఉన్నాయి కాబట్టి ఆన్‌లైన్ క్లాసులు, స్కాలర్‌షిప్ దరఖాస్తులు, యూట్యూబ్, వాట్సాప్ వెబ్ మామూలుగానే నడుస్తాయి. ఉత్తరాలకు, లెక్కలకు లిబ్రెఆఫీస్ ఉంది. అది వర్డ్, ఎక్సెల్ ఫైళ్లను తెరుస్తుంది. కాకపోతే అమరిక కొంచెం జరగొచ్చు. బయటికి పంపేటప్పుడు పీడీఎఫ్ చేసి పంపితే గొడవ ఉండదు.

ఉర్దూ, తెలుగు ఒకే పేజీలో

మన ఇళ్లలో రెండు భాషలూ కావాలి కదా. కీబోర్డ్ సెట్టింగ్స్‌లో తెలుగు, ఉర్దూ లేఅవుట్లు రెండూ చేర్చుకోవచ్చు. ఇంగ్లీషు అక్షరాల ధ్వనిని బట్టి కొట్టే ఫొనెటిక్ లేఅవుట్ కూడా ఉంది. ఉర్దూ నస్తలీఖ్‌లో కనబడాలంటే ఉచితంగా దొరికే నోటో నస్తలీఖ్ ఉర్దూ ఫాంట్ వేసుకోవాలి. లిబ్రెఆఫీస్ భాషా సెట్టింగ్స్‌లో కాంప్లెక్స్ టెక్స్ట్ ఆప్షన్‌కు టిక్ పెడితే పేరాను కుడి నుంచి ఎడమకు మార్చే వీలు వస్తుంది. శుభలేఖలో ఒక పక్క ఉర్దూ, ఒక పక్క తెలుగు పెట్టుకోవచ్చు.

ఎక్కడ ఆగిపోతాం?

ఇది ముందే తెలుసుకోవాలి. ఇన్‌పేజ్, అను స్క్రిప్ట్, ట్యాలీ, ఫొటోషాప్ విండోస్‌లో నడిచినట్టు లినక్స్‌లో నేరుగా నడవవు. డీటీపీ పని, దుకాణం అకౌంట్లు వీటిమీదే ఉంటే తొందరపడి మార్చొద్దు. పాత ఇన్‌పేజ్ ఫైళ్లు లిబ్రెఆఫీస్‌లో తెరుచుకోవు. వాటిని విండోస్ ఉన్నప్పుడే యూనికోడ్‌లోకి మార్చి దాచుకోండి. కొన్ని ప్రింటర్లు, డిజిటల్ సిగ్నేచర్ టోకెన్లు కూడా మొరాయిస్తాయి.

మార్చే ముందు

1. ఫొటోలు, సర్టిఫికెట్లు, ముఖ్యమైన ఫైళ్లన్నీ వేరే డిస్క్‌లోకి కాపీ చేయండి. ఈ పని కాకుండా ముందుకు పోవద్దు.

2. మింట్ ఐఎస్ఓ ఫైల్‌ను దాని అసలు సైట్ నుంచే దించుకుని, రూఫస్ లాంటి టూల్‌తో 8 జీబీ పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించండి. పెన్‌డ్రైవ్‌లో ఉన్నవన్నీ పోతాయి, ఖాళీది వాడండి.

3. పెన్‌డ్రైవ్ నుంచే కంప్యూటర్ ఆన్ చేయండి. ఇన్‌స్టాల్ చేయకుండానే డెస్క్‌టాప్ వస్తుంది. వైఫై, సౌండ్, కెమెరా, ప్రింటర్ ఒక్కొక్కటీ చూడండి. ఇలా నడిపేటప్పుడు కాస్త నెమ్మదిగా ఉంటుంది, కంగారు పడొద్దు.

4. అన్నీ బాగుంటేనే ఇన్‌స్టాల్ చేయండి. విండోస్ పక్కనే పెట్టుకునే ఆప్షన్ ఉంది. ‘డిస్క్ మొత్తం చెరిపేయి’ అన్న ఆప్షన్ నొక్కితే పాతవన్నీ పోతాయి, రెండుసార్లు చదివి నొక్కండి.

విండోస్‌ను అలాగే ఉంచుకుంటే ఇంటర్నెట్ పనులన్నీ లినక్స్‌లో చేసుకోండి. విండోస్‌ను పాత సాఫ్ట్‌వేర్ అవసరానికి మాత్రమే తెరవండి. ముఖ్యంగా బ్యాంకు పనులు అప్‌డేట్లు ఆగిన సిస్టమ్‌లో చేయకపోవడమే మంచిది.