వాస్తవికత: పారిస్ నుండి గౌతమీ తీరం వరకు

ఉన్నదానిని ఉన్నట్లు చిత్రించడమే వాస్తవికత అని చెప్పడం సులభం. కాని పాశ్చాత్య చిత్రకళా చరిత్రలో ఈ ఒక్క మాట క్రింద రెండు వేర్వేరు విషయాలు ఇమిడి ఉన్నాయి. ఎట్లా చిత్రించాలి అన్నది మొదటిది. ఎవరిని చిత్రించాలి అన్నది రెండవది. మొదటిదానికి సమాధానం పదిహేనవ శతాబ్దంలోనే దొరికింది. రెండవదానికి యూరపు మరి నాలుగు వందల ఏండ్లు వేచి ఉండవలసి వచ్చింది. ఈ రెండింటినీ కలిపి ఒకటిగా చూడడం వల్లనే మన ప్రాంతపు చిత్రకళను గూర్చిన చర్చలలో కూడా కొంత గందరగోళం ఏర్పడింది.

మన గోదావరి సీమలో కాలువ గట్టున నిలబడి దూరానికి చూచినవారికి రెండు గట్లూ క్రమంగా దగ్గరై ఒక చుక్కలో కలిసినట్లు కనిపిస్తాయి. ఈ సామాన్య దృశ్యానికి గణితపు లెక్క కట్టినవాడు ఫ్లారెన్సు నగర వాస్తుశిల్పి బ్రునెలెస్కీ. దానిని గ్రంథస్థం చేసినవాడు ఆల్బెర్టీ. అతని చిత్రకళా గ్రంథం 1435 నాటిది. దాదాపు అదే సమయంలో ఉత్తరాన ఫ్లాండర్సు దేశంలో జాన్ వాన్ ఐక్ నూనెలో నూరిన రంగులతో అద్భుతాలు సాధించాడు. అవిసె నూనె నెమ్మదిగా ఆరుతుంది. అందువల్ల ఒక రంగులోనికి మరొక రంగును మెల్లగా కలుపుకుంటూ పోవచ్చు. పలుచని పొరపై పొర వేసి పట్టు వస్త్రపు మెరుపును, ఇత్తడి దీపపు తళుకును, వృద్ధుని చర్మంపై ముడతను చూపవచ్చు. 1434 నాటి ఆర్నొల్ఫీనీ దంపతుల చిత్రంలో గోడకున్న చిన్న అద్దంలో గది మొత్తం ప్రతిబింబించడం అందుకు నిదర్శనం.

ఇంత నేర్పు చేతికి వచ్చినా దానిని వినియోగించినది ఎక్కువగా దేవతల కొరకు, ప్రభువుల కొరకు, ధనికుల కొరకు. ఈ కట్టుబాటును తీవ్రంగా కదిలించిన తొలి వ్యక్తులలో ఇటలీకి చెందిన కరవాజ్జో ముఖ్యుడు. 1571లో పుట్టి 1610లో మరణించిన ఈ చిత్రకారుడు బజారు మనుషులను తెచ్చి పునీతులుగా నిలబెట్టాడు. రోము నగరంలోని ఒక చర్చి కొరకు అతడు గీచిన మరియమాత మరణ చిత్రంలో దివ్యకాంతి లేదు, దేవదూతలు లేరు. ఉబ్బిన దేహంతో, చెప్పులు లేని పాదాలతో ఒక పేద స్త్రీ శవం ఉన్నది. చర్చి ఆ చిత్రాన్ని తిరస్కరించింది. నేడది పారిస్‌లోని లూవ్ర్ ప్రదర్శనశాలలో ఉన్నది.

రెండవ ప్రశ్నకు సూటిగా సమాధానం చెప్పినవాడు ఫ్రెంచి చిత్రకారుడు గుస్తావ్ కూర్బే. 1819లో ఓర్నాన్ అనే చిన్న పట్టణంలో జన్మించిన కూర్బే, 1848 నాటి ఫ్రెంచి విప్లవపు వేడి చల్లారక ముందే, 1849లో రాళ్ళు కొట్టేవారి చిత్రాన్ని గీచాడు. బాట ప్రక్కన ఒక ముసలివాడు, ఒక కుర్రవాడు. చిరిగిన బట్టలు. ఇద్దరి ముఖాలూ మనకు సరిగా కనిపించవు. జాలి గొలిపే చూపు కూడా లేదు. పని మాత్రమే ఉన్నది.

ఆ వెంటనే గీచిన ఓర్నాన్ అంత్యక్రియల చిత్రం పారిస్‌ను మరింత కలవరపెట్టింది. మూడు మీటర్లకు పైగా ఎత్తు, ఆరున్నర మీటర్లకు పైగా వెడల్పు గల ఆ చిత్రంలో నలభై మందికి పైగా మనుషులు దాదాపు నిలువెత్తున నిలబడి ఉంటారు. వారందరూ ఆ ఊరివారే. చిత్రకారుని కొరకు స్వయంగా వచ్చి నిలిచినవారే. చనిపోయినవాడు రాజు కాడు, వీరుడు కాడు. ముందు భాగంలో తవ్విన గొయ్యి, ప్రక్కన ఒక కుక్క. అంతటి కొలతను చక్రవర్తుల పట్టాభిషేకాలకు, పురాణ గాథలకు కేటాయించడం నాటి ఆనవాయితీ. ఒక పల్లెటూరి చావుకు అంత గుడ్డ ఖర్చు చేయడమే విమర్శకుల దృష్టిలో మహాపరాధం. 1855లో పారిస్ ప్రపంచ ప్రదర్శన నిర్ణేతలు ఈ చిత్రాన్ని నిరాకరించగా, కూర్బే ఆ ప్రదర్శనకు చేరువలోనే సొంత మండపం కట్టించి, దానికి వాస్తవికత అన్న పేరే పెట్టి, తన చిత్రాలను తానే ప్రదర్శించాడు.

రెండేండ్ల తరువాత, 1857లో, మిల్లే పరిగె ఏరుకునే స్త్రీల చిత్రాన్ని ప్రదర్శించాడు. కోత అయిన చేనులో ముగ్గురు స్త్రీలు నడుములు వంచి రాలిన వెన్నులను ఏరుకుంటూ ఉంటారు. దూరాన ఆకాశాన్నంటే కుప్పలు, గుర్రంపై కావలి పెద్ద. పరిగె అంటే ఏమిటో మన డెల్టా రైతు కుటుంబాలకు వివరించనక్కర లేదు. పారిస్ సంపన్నులకు మాత్రం ఆ వంగిన నడుములలో తిరుగుబాటు నీడ కనిపించింది.

1848 ప్రభావం యానాంకు తాకకపోలేదు. ఆ విప్లవం ప్రసాదించిన ఓటు హక్కు ఫ్రెంచి ఇండియా స్థావరాలకు కూడా వర్తించి, పారిస్ శాసనసభకు ఒక ప్రతినిధిని పంపే అవకాశం కలిగింది. మధ్యలో రద్దయిన ఆ ప్రాతినిధ్యం 1871లో తిరిగి వచ్చింది. 1880లో యానాం పురపాలక సంఘమూ ఏర్పడింది. అయితే ఓటు వచ్చిన దారిన చిత్రకళ రాలేదు. 1723 నుండి 1954 వరకు ఫ్రెంచి జెండా క్రింద మెలగిన ఊరికి ఎగువన, అదే గోదావరి తీరాన, పాశ్చాత్య చిత్రకళ ఆంగ్లేయుల చేతి మీదుగా వచ్చి చేరడం చరిత్రలోని చిత్రమైన మలుపు.

అంతకు ముందే తైలవర్ణ విద్యను దేశమంతటా పరిచయం చేసినవాడు రాజా రవివర్మ. ఆయన పుట్టిన సంవత్సరం కూడా 1848యే. 1894లో బొంబాయి వద్ద స్థాపించిన ముద్రణాలయం నుండి వెలువడిన లక్ష్మీ సరస్వతుల పటాలు తెలుగువారి పూజా మందిరాలకు చేరాయి. దేవతల చీర మడతలు నిజం, నగల బరువు నిజం, వెలుగు నీడలు నిజం. కాని అది మొదటి రకపు వాస్తవికతయే. నేర్పు యూరపుది, వస్తువు పురాణాలది. దీనిని లోపమని తీసివేయడం న్యాయం కాదు. జనం కోరినది అదే.

రాజమహేంద్రవరం ప్రభుత్వ ఆర్ట్స్ కళాశాల అధ్యక్షుడు ఆస్వాల్డ్ కూల్డ్రే స్వయంగా చిత్రకారుడు, రచయిత. 1897లో రాజమహేంద్రవరంలో జన్మించిన దామెర్ల రామారావు ప్రతిభను గుర్తించి, అజంతా చూపించి, 1916లో బొంబాయి జె.జె. చిత్రకళాశాలకు పంపినది ఆయనే. 1857లో వెలసిన ఆ కళాశాలలో సజీవమైన మనిషిని ఎదుట నిలిపి గీయించడం శిక్షణలో ప్రధానాంశం. ఎముకల అమరిక, కండల కదలిక, శరీరపు బరువు ఏ కాలిపై పడుతున్నదీ తెలియకుండా బొమ్మ నిలబడదన్నది అక్కడి పాఠం.

అదే కాలంలో కలకత్తాలో అవనీంద్రనాథ ఠాగూరు ప్రభృతులు ఈ పాఠాన్నే నిరాకరించారు. పాశ్చాత్య వాస్తవికత భారతీయ భావుకతకు పొసగదని వారి వాదం. బందరు ఆంధ్ర జాతీయ కళాశాలలో ప్రమోదకుమార్ చటర్జీ శిక్షణ పొందిన అడివి బాపిరాజు ఆ మార్గాన నడిచారు. ఆయన కూడా కూల్డ్రే శిష్యుడే కావడం గమనార్హం. ఒకే గురువు ప్రేరణ రెండు పాయలుగా చీలింది.

రామారావు ఏ ఒక్క పక్షానికీ పూర్తిగా లొంగలేదు. ‘సిద్ధార్థ రాగోదయం’, ‘ఋష్యశృంగ బంధనం’ వంటి చిత్రాలలో కథ పురాతనమైనా, దేహాలకు ఎముక ఉన్నది, బరువు ఉన్నది. ‘పుష్పాలంకారం’లోని తెలుగు స్త్రీలు పురాణాల నుండి దిగివచ్చినవారు కారు. గోదావరిని, తూర్పు కనుమలను చూచి గీచిన దృశ్యాలలో నది నదిగానే ఉన్నది. కూర్బే వలె రాళ్ళు కొట్టేవారిని ఆయన నిలువెత్తున నిలపలేదన్న మాట నిజమే. అయితే ఆయనకు కాలం దక్కలేదు. 1925 ఫిబ్రవరి 6న మశూచికంతో మరణించే నాటికి ఆయన వయస్సు ఇరవై ఎనిమిది కూడా నిండలేదు. ఆ వయస్సుకు కూర్బే కూడా తన రాళ్ళు కొట్టేవారిని గీచి ఉండలేదు.

కూర్బే గీచిన ఆ చిత్రం రెండవ ప్రపంచ యుద్ధంలో, 1945లో, డ్రెస్డెన్ సమీపాన బాంబుల దాడికి కాలిపోయింది. రామారావు చిత్రాలకు ఆ గతి పట్టలేదు. ఆయన భార్య సత్యవాణి, సోదరి బుచ్చికృష్ణమ్మ ఇరువురూ చిత్రకర్త్రులే. ఆయన స్థాపించిన చిత్రకళాశాల మూతపడకుండా మిత్రుడు వరదా వెంకటరత్నం భారం వహించి, తరువాతి తరం విద్యార్థులకు కుంచె పట్టించారు. రామారావు నీటిరంగుల చిత్రాలు, తైలవర్ణ చిత్రాలు, పెన్సిలు గీతలు రాజమహేంద్రవరంలో ఆయన పేరిట వెలసిన చిత్రశాలలో భద్రంగా ఉన్నాయి.