బడికి చందా, బడిపై మాట: తెలుగు నేలలో తల్లిదండ్రుల సంఘాల చరిత్ర

ఈ పాఠం చదవడం మొదలుపెట్టే ముందు మీకు బాగా తెలిసిన ఒక ప్రభుత్వ బడిని గుర్తు తెచ్చుకోండి. ఏదో ఒక తరగతి గది గుమ్మం పైనో, ప్రహరీ గోడ మీదో ఒక రాతి పలక ఉంటుంది. దాని మీద దాత పేరు, ఎవరి జ్ఞాపకార్థం ఇచ్చారో ఆ పేరు, సంవత్సరం చెక్కి ఉంటాయి. చరిత్ర విద్యార్థికి అదీ ఒక శాసనమే. ఆలయ దాన శాసనం చదివేటప్పుడు మనం మూడు ప్రశ్నలు వేసుకుంటాం. ఎవరిచ్చారు? దేనికిచ్చారు? ఇచ్చినందుకు వారికి ఏ హక్కు దక్కింది? బడి గోడ మీది పలకను చదివేటప్పుడు మొదటి రెండు ప్రశ్నలతో ఆగిపోతాం. ఈ పాఠంలో మూడో ప్రశ్నను గత రెండు వందల ఏళ్ల చరిత్ర ముందు పెట్టి చూద్దాం. తల్లిదండ్రులు బడికి డబ్బు ఎప్పుడూ ఇస్తూనే వచ్చారు. ఆ బడి ఎలా నడవాలో చెప్పే అధికారం మాత్రం వారికి ఎప్పుడు ఉంది, ఎప్పుడు పోయింది అన్నదే మన విషయం.

వీధి బడి

1822 జూన్‌లో మద్రాసు గవర్నరు థామస్ మన్రో తన రాజధానిలోని జిల్లాల్లో ఎన్ని బడులున్నాయో, ఎంతమంది చదువుతున్నారో లెక్క తీయమని కలెక్టర్లను ఆదేశించాడు. వచ్చిన నివేదికల్లో బళ్ళారి కలెక్టరు ఎ. డి. కాంప్‌బెల్ 1823 ఆగస్టులో పంపినది మనకు చాలా విలువైనది. నేటి అనంతపురం ప్రాంతం అప్పట్లో బళ్ళారి జిల్లాలోనే ఉండేది. ఆ జిల్లాలో 533 విద్యాలయాలు, 6,641 మంది విద్యార్థులు ఉన్నట్టు ఆయన లెక్క. వాటిలో 235 కన్నడ బడులు, 226 తెలుగు బడులు. మిగిలినవి సంస్కృతం, మరాఠీ, పారశీకం, తమిళం నేర్పేవి. ఇంగ్లీషు బడి ఒకే ఒక్కటి. 1826 మార్చిలో మన్రో రాసిన మినిట్ ప్రకారం రాజధాని మొత్తం మీద 12,498 బడులు ఉన్నాయి.

ఈ బడుల్లో చాలా వాటికి సర్కారు జీతం లేదు. అయ్యవారిని పోషించింది పిల్లల తల్లిదండ్రులే. స్తోమతను బట్టి నెలకింత రొక్కమో, కోతల కాలంలో గింజలో ఇచ్చేవారు. పిల్లవాణ్ణి బడిలో వేసిన రోజున కొంత, చదువులో ఒక మెట్టు ఎక్కినప్పుడు కొంత, పండగలకు కొంత ముట్టేది. వీటిలో దసరా పెద్దది. పంతులుగారు పిల్లలను వెంటేసుకుని ఊళ్ళో ఇంటింటికీ వెళ్ళేవారు. పిల్లల చేతుల్లో రంగు కాగితాలు అంటించిన విల్లంబులు, నోట దసరా పాటలు. గృహస్థు పంతులుగారికి డబ్బు, పిల్లలకు పప్పుబెల్లాలు ఇచ్చి పంపేవాడు. మా ఊళ్ళో ఈ ఆచారం చివరి రోజులు నేను చూశాను. అప్పటికి మా పంతులుగారికి ప్రభుత్వ జీతం వస్తోంది కాబట్టి అది కేవలం వేడుక. అంతకు రెండు తరాల ముందు మాత్రం అది ఆయన ఏడాది బత్తెంలో భాగం. నిధుల సేకరణ అనే మాట మనవాళ్ళు వాడక ముందే ఆ పని పాటల రూపంలో జరిగేదన్నమాట.

ఇక్కడ తల్లిదండ్రుల మాటకు బలం ఉంది. పంతులు సరిగా చెప్పకపోతే పిల్లవాణ్ణి మాన్పించి పక్క వీధి బడికి పంపేవారు. దానితో ఆయన రాబడి తగ్గేది. అయితే ఈ ఏర్పాటును బంగారు యుగంగా ఊహించుకుని రాసే పుస్తకాలు మీకు తారసపడతాయి. కొంచెం జాగ్రత్తగా చదవండి. బళ్ళారి జిల్లా లెక్కలో 6,641 మందిలో ఆడపిల్లలు 60 మంది మాత్రమే. అంటరానివారిగా ముద్ర వేసిన కులాల పిల్లలకు ఊరి అరుగు మీది బడిలో సాధారణంగా చోటే లేదు. పైగా తల్లిదండ్రుల చేతి డబ్బు మీద నిలిచిన బడి, వారి చేతిలో డబ్బు లేనప్పుడు నిలవదు. ప్రజల పేదరికం పెరగడం వల్ల, ఒకప్పుడు బడులున్న అనేక ఊళ్ళలో ఇప్పుడు లేవని కాంప్‌బెల్ స్వయంగా రాశాడు. పాలకుల్లో ఒకడైన అధికారి ఈ మాట ఒప్పుకోవడం గమనించదగింది.

గోదావరి రేటు బడులు

మన్రో పెట్టించిన తహసీల్దారీ బడులు ఆయన చనిపోయాక పదేళ్ళు కూడా నిలవలేదు. 1836లో వాటిని ఎత్తేశారు. తరువాతి ముఖ్య ఘట్టం గోదావరి డెల్టాలో జరిగింది. నా ఉద్దేశంలో మన పాఠానికి ఇదే కీలకం.

ధవళేశ్వరం ఆనకట్ట పని 1847లో మొదలై 1852 నాటికి పూర్తయింది. కాలువ నీరు పారిన ఊళ్ళలో రైతు చేతిలో నాలుగు డబ్బులు ఆడసాగాయి. ఆ దశకంలోనే రాజమండ్రి సబ్‌కలెక్టరుగా ఉన్న జి. ఎన్. టేలర్ నరసాపురం ప్రాంతంలో తెలుగు బడులు పెట్టించడానికి పూనుకున్నాడు. బడి కావాలనుకున్న గ్రామాల రైతులు తమ శిస్తుతో పాటు బడి కోసం కొంత అదనంగా చెల్లించడానికి ఒప్పుకున్నారు. ఈ అదనపు మొత్తాన్ని ‘రేటు’ అన్నారు. దాని మీద నడిచేవి కనుక అవి రేటు బడులు. దసరా మామూలుకూ దీనికీ తేడా చూడండి. అక్కడ పిల్లవాడు చదివే ఇల్లు మాత్రమే ఇస్తుంది, నేరుగా పంతులుకే ఇస్తుంది. ఇక్కడ బడికి పిల్లలను పంపినా పంపకపోయినా శిస్తు కట్టే ప్రతి రైతూ ఇస్తాడు. ఇచ్చింది ఒక ఉమ్మడి నిధిలోకి పోతుంది. బడి ఊరందరిదీ అన్న భావనకు ఇదొక తొలి రూపం.

చిక్కు ఎక్కడ వచ్చిందంటే, ఇది స్వచ్ఛందం. ఆ మాట కాగితం మీద ఒకలా, ఊళ్ళో మరోలా ఉంటుంది. శిస్తు వసూలు చేసే అధికారే వచ్చి బడికి కొంత ఇస్తారా అని అడిగితే, ఇవ్వనని చెప్పే రైతు ఎవరు? ఇంకో వైపు, ఒకసారి ఒప్పుకుని మరుసటి ఏడు ఇవ్వనంటే వసూలు చేయడానికి చట్టబలం లేదు. ఈ ఇబ్బంది గోదావరి జిల్లాకే పరిమితం కాలేదు. స్థానికులు కొంత సమకూర్చుకుంటే ప్రభుత్వం కొంత ఇచ్చే గ్రాంటు పద్ధతిలో, విద్యాధికారులు ఊరూరా తిరిగి చందాలు అడగాల్సి వస్తోందని, అది ప్రభుత్వ మర్యాదకు తగదని లండన్ నుంచి 1859లో స్టాన్లీ పంపిన ఉత్తరువు పేర్కొంది. స్థానిక బడుల కోసం తప్పనిసరి రేటు విధించే ఆలోచన చేయమని సూచించింది.

అలా వచ్చిందే 1863 నాటి మద్రాసు విద్యా చట్టం. ఊరివారు బడి కోసం రేటు కట్టడానికి ముందుకు వస్తే దానికి చట్టబద్ధత కల్పించడం దాని ఉద్దేశం. నిధిని చూసుకోవడానికి స్థానికులను కమిషనర్లుగా నియమించే ఏర్పాటు అందులో ఉంది. ఈ చట్టాన్ని ఎక్కువగా ఉపయోగించుకున్నది గోదావరి జిల్లాయే. మిగతా చోట్ల జనం పెద్దగా ముందుకు రాలేదు. కారణం ఊహించడం కష్టం కాదు. ఇష్టపడి ఇవ్వడం మొదలుపెడితే అది రేపు పన్నుగా మారుతుందని చూశాక ఎవరు మొదలుపెడతారు? 1871లో స్థానిక నిధుల చట్టం వచ్చాక బడుల భారం లోకల్ ఫండ్ బోర్డుల మీదికి మారింది. అక్కడి నుంచి రైతు కట్టింది సెస్సు, బడి నడిపింది బోర్డు.

ఈ మార్పు వల్ల లాభమే లేదని అనలేం. ఒక ఊరి దయాదాక్షిణ్యాల మీద కాకుండా పన్ను మీద నిలబడే బడి, పంట పోయిన ఏడు కూడా తెరిచి ఉంటుంది. ఆ లాభానికి చెల్లించిన మూల్యం తల్లిదండ్రుల మాట. పంతులు ఎవరికి జవాబుదారు అంటే, ఇప్పుడు తనిఖీకి వచ్చే ఇన్‌స్పెక్టరుకు.

నిజాం రాజ్యంలో

తెలంగాణలో కథ వేరు. అక్కడ రాజ్యం నడిపే బడుల్లో బోధనా భాష ఉర్దూ. తెలుగులో చదివించాలనుకున్నవారు సొంతంగా బడి పెట్టుకోవాలి, అందుకు చందాలు పోగు చేసుకోవాలి, పైగా ప్రభుత్వ అనుమతి తెచ్చుకోవాలి. చందా ఇవ్వడం ఇక్కడ ఒక రాజకీయ వైఖరి కూడా. 1928లో మాడపాటి హనుమంతరావు, ఆయన మిత్రులు హైదరాబాదులో పెట్టిన తెలుగు బాలికల పాఠశాల దీనికి మంచి ఉదాహరణ. తెలుగు మాధ్యమంలో ఉన్నత పాఠశాల చదువు చదివిన బాలికలకు పరీక్షలు రాసే దారి నిజాం రాజ్యంలో లేకపోవడంతో, ఆ బడి కర్వే స్థాపించిన మహిళా విశ్వవిద్యాలయంతో సంబంధం పెట్టుకుంది. బళ్ళారి లెక్కలోని ఆ 60 మంది ఆడపిల్లలను ఇక్కడ గుర్తు చేసుకోండి.

ఊరి బడి బయట నిలబెట్టిన పిల్లల సంగతి భాగ్యరెడ్డి వర్మ పట్టించుకున్నారు. 1910 నుంచి ఆయన హైదరాబాదులో దళిత బాలల కోసం బడులు పెట్టించారు. ఆ పిల్లల తల్లిదండ్రుల వద్ద ఇచ్చేందుకు పెద్దగా ఏమీ లేదు. చందా ఇవ్వగలిగినవారి బడికే చందా వస్తుందన్న సూత్రం మీద విద్యను వదిలేస్తే ఏమవుతుందో ఆ బడుల అవసరమే చెబుతుంది.

స్వాతంత్ర్యం తరువాత

1950, 60 దశకాల్లో ఊరికి హైస్కూలు రావడం అంటే పెద్ద ఘనత. జిల్లా పరిషత్తు బడి కావాలంటే ఊరివాళ్ళు స్థలం చూపించాలి, కొంత సొమ్ము కూడబెట్టాలి. మా ఊళ్ళో ఎకరానికి ఇంత అని వేసుకున్నారు. భూమి లేనివాళ్ళు ఇటుకలు మోశారు, పునాదులు తవ్వారు. దానికి శ్రమదానం అని పేరు. బడి వరండాలో ఇప్పటికీ ఒక పలక ఉంది. దాని మీద ఎకరాలున్నవారి పేర్లున్నాయి. ఇటుకలు మోసినవారి పేర్లు లేవు. ఆ వరండాలో అయిదేళ్ళు చదివి కూడా, చరిత్ర అధ్యాపకుణ్ణయ్యాక గానీ నాకీ విషయం తట్టలేదు.

చట్టంలో తల్లిదండ్రులు

తల్లిదండ్రులకు చట్టంలో పేరు పెట్టి చోటు ఇచ్చింది 1998లో. ఆ ఏడాది ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ శాసనసభ పాఠశాల విద్యలో ప్రజల భాగస్వామ్యం గురించి ఒక చట్టం చేసింది. తల్లిదండ్రుల నుంచి ఎన్నికైన సభ్యులతో బడి కమిటీలు ఏర్పడ్డాయి. తరువాత 2009 నాటి విద్యాహక్కు చట్టం, 2010 ఏప్రిల్ 1న అమలులోకి వచ్చి, దేశమంతటికీ ఒక నియమం పెట్టింది. పాఠశాల యాజమాన్య కమిటీలో కనీసం నాలుగింట మూడు వంతుల మంది తల్లిదండ్రులు లేదా సంరక్షకులు ఉండాలి. మొత్తం సభ్యుల్లో సగం మంది స్త్రీలు ఉండాలి. బలహీన వర్గాల పిల్లల తల్లిదండ్రులకు వారి దామాషాలో చోటు ఉండాలి. బడి పనితీరును పరిశీలించడం, గ్రాంటు ఎలా ఖర్చయిందో చూడడం, అభివృద్ధి ప్రణాళిక తయారు చేయడం కమిటీ పనులు. ఈ జాబితాను గమనించారా? చందా వసూలు చేయడం అనే మాట ఇందులో ముందు వరసలో లేదు. రెండు వందల ఏళ్లలో మొదటిసారి చట్టం తల్లిదండ్రులను డబ్బు అడగకుండానే, లెక్క అడిగే హక్కు ఇచ్చింది.

ఆచరణ మరో సంగతి. నేను విశ్రాంతి తీసుకున్న కొత్తలో ఒక బడి కమిటీ సమావేశానికి వెళ్ళాను. తీర్మానం అప్పటికే రాసి ఉంది. కూలి పని మధ్యలో వచ్చిన తల్లులు ఒకరి తరువాత ఒకరు సంతకమో, వేలిముద్రో వేసి వెళ్ళిపోయారు. ఏ ఖర్చుకు వేశారో వారిలో ఒక్కరికీ ఎవరూ చదివి వినిపించలేదు. నేను కూడా అడగలేదు, అది నా తప్పే.

అయినా గత కొన్నేళ్లలో డబ్బు తల్లిదండ్రుల చేతి మీదుగా నడిచిన సందర్భాలున్నాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2019 నవంబరు 14న మొదలైన నాడు-నేడు మొదటి దశలో 15,715 బడుల మరమ్మతులు జరిగాయి. పనులను గుత్తేదారులకు ఇవ్వకుండా తల్లిదండ్రుల కమిటీల ద్వారా చేయించారు. సిమెంటు బస్తాలు, ఇసుక, మేస్త్రీ కూలి లెక్కలు ఊళ్ళోవాళ్ళే చూసుకున్నారు. తెలంగాణలో 2024లో అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలు వచ్చాయి. మహిళా స్వయం సహాయక సంఘాల గ్రామ సమాఖ్య అధ్యక్షురాలు వాటికి అధ్యక్షురాలు. పొదుపు లెక్కలు రాయడం అలవాటైన స్త్రీలకు మరుగుదొడ్ల మరమ్మతు, తాగునీటి పనుల లెక్క అప్పగించడం తెలివైన ఆలోచన అని నా అభిప్రాయం.

ఇదే కాలంలో పాత రేటు కూడా మరో వేషంలో కనిపిస్తుంది. ఆంధ్రప్రదేశ్‌లో పిల్లలను బడికి పంపే తల్లులకు అమ్మ ఒడి కింద 15,000 రూపాయలు ప్రకటించి, తరువాత అందులోంచి బడి మరుగుదొడ్ల నిర్వహణ నిధికి 1,000 రూపాయలు మినహాయించారు. ప్రభుత్వం మారాక 2025లో తల్లికి వందనం కింద తల్లి ఖాతాలో పడింది 13,000. మిగిలిన 2,000 బడుల నిర్వహణకు పోయింది. ఇది చందానా, పన్నా? అడిగి తీసుకున్నది కాదు కాబట్టి చందా కాదు. తల్లి చేతికి రాకముందే తగ్గింది కాబట్టి మామూలు పన్నులా కూడా కనిపించదు. 1863 చట్టం కనీసం ఊరివారి ఒప్పుదలతో మొదలైంది.

అభ్యాసం

మీకు దగ్గరలోని ప్రభుత్వ బడికి వెళ్ళి, ప్రధానోపాధ్యాయుల అనుమతితో యాజమాన్య కమిటీ తీర్మానాల పుస్తకం చూడండి. గత రెండేళ్ల తీర్మానాల్లో డబ్బు గురించినవి ఎన్ని, చదువు గురించినవి ఎన్ని అని విడదీసి రాయండి. తరువాత ఆ పుస్తకంలో సంతకం చేసిన తల్లుల్లో ఒకరిద్దరిని, వారికి ఇష్టమైతేనే, కలిసి మాట్లాడండి. తాను ఏ తీర్మానం మీద సంతకం చేసిందో ఆమె మాటల్లోనే, ఆమె పేరు లేకుండా, మీ నోటు పుస్తకంలో రాసుకోండి.