కోనేటంపేట నుంచి తామరైపాక్కం దాకా

మా ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం. కావేరిపాక్కంలో మాలాంటి కుటుంబాలకు ఇది మామూలే. చిత్తూరు వైపు పెళ్ళికి పోయినప్పుడు నేను నోరు తెరిస్తే చాలు, "నీది అరవ తెలుగు" అని అక్కడి పిల్లలు నవ్వుతారు. ఇక్కడ అంగట్లో తమిళం మాట్లాడితే "నువ్వు తెలుగువాడివా?" అని వెంటనే కనిపెట్టేస్తారు. ఒకసారి ఇది మా అవ్వతో చెప్పుకొని బాధపడ్డాను. అవ్వ అంది, "బాలు కూడా ఈ పక్క పుట్టినాయనే కదరా, ఆయనకు లేని సిగ్గు నీకెందుకు?" ఆ మాట నిజమేనా అని ఆయన జీవితం గురించి చదివాను. చదివింది మీకు కూడా చెప్పాలనిపించింది.

శ్రీపతి పండితారాధ్యుల బాలసుబ్రహ్మణ్యం గారు 1946 జూన్ 4న కోనేటంపేటలో పుట్టారు. ఆ ఊరు ఇప్పుడు మన తమిళనాడులో, తిరువళ్ళూరు జిల్లాలో ఉంది. అంటే అవ్వ చెప్పింది నిజమే. ఆయన తండ్రి సాంబమూర్తి గారు నెల్లూరులో హరికథలు చెప్పేవారు. బాలు గారు మాత్రం ఇంజనీరు కావాలనుకున్నారు. అనంతపురంలో ఇంజనీరింగ్ కాలేజీలో చేరారు గానీ టైఫాయిడ్ జ్వరం రావడంతో మానేయాల్సి వచ్చింది. తర్వాత మద్రాసులో ఎ.ఎం.ఐ.ఇ. చదువులో చేరారు.

1964లో మద్రాసులో ఒక తెలుగు సాంస్కృతిక సంస్థ పాటల పోటీ పెట్టింది. బాలు గారికి మొదటి బహుమతి వచ్చింది. ఆయన గొంతు విన్న సంగీత దర్శకుడు ఎస్.పి. కోదండపాణి గారు సినిమాలో అవకాశం ఇప్పించారు. 1966 డిసెంబరు 15న 'శ్రీశ్రీశ్రీ మర్యాద రామన్న' సినిమాకు ఆయన మొదటి పాట రికార్డయింది. ఆ మేలు ఆయన మరచిపోలేదు. తర్వాత తాను కట్టించిన రికార్డింగ్ థియేటరుకు కోదండపాణి గారి పేరే పెట్టుకున్నారు.

తమిళంలో మాత్రం తలుపు అంత తొందరగా తెరుచుకోలేదు. సంగీత దర్శకుడు ఎం.ఎస్. విశ్వనాథన్ గారు ఆయన పాట విని, గొంతు బాగుంది, తమిళ ఉచ్చారణ సరిచేసుకొని రమ్మన్నారట. విశ్వనాథన్ గారి మాతృభాష కూడా తమిళం కాదు, మలయాళం. బాలు గారు కోపగించుకోలేదు, మానుకోలేదు. తమిళం నేర్చుకొని మళ్ళీ వెళ్ళారు. 1969లో ఎం.జి.ఆర్. గారి 'అడిమైప్పెణ్' సినిమాలో పి. సుశీల గారితో కలిసి పాడారు. ఆ పాటప్పుడు ఆయనకు జబ్బు చేస్తే, ఇంకొకరితో పాడించకుండా ఎం.జి.ఆర్. గారు ఆయన కోలుకునేదాకా ఆగారు.

నాకు బాగా నచ్చిన సంగతి ఇంకొకటి ఉంది. బాలు గారు ఏ భాష పాటనైనా తెలుగు అక్షరాలతో రాసుకొని పాడేవారు. 'తమిళ్' అనే మాట చివరి అక్షరాన్ని ఇప్పటి తెలుగు లిపిలో సరిగ్గా రాయలేం. అయినా ఆ శబ్దం ఆయన నోట తప్పకుండా పలికేది. అంటే లిపి తనదే ఉంచుకొని, పలుకు మాత్రం ఎదుటివారి దగ్గర నేర్చుకున్నారన్నమాట.

హిందీలోనూ ఇదే కథ. 'ఏక్ దూజే కే లియే' సినిమాకు ఈ మద్రాసు గాయకుడు సరిపోడని సంగీత దర్శకులు సందేహించారు. కథానాయకుడు హిందీ సరిగ్గా రాని తమిళ కుర్రాడే కదా, యాస ఉంటే తప్పేముందని దర్శకుడు కె. బాలచందర్ గారు వాదించారు. ఆ సినిమా పాటకే బాలు గారికి జాతీయ అవార్డు వచ్చింది. మొత్తం ఆరు జాతీయ అవార్డులు వచ్చాయి. 'శంకరాభరణం', 'సాగర సంగమం', 'రుద్రవీణ' సినిమాలకు తెలుగులో మూడు. హిందీ, కన్నడం, తమిళం, ఒక్కొక్క భాషలో ఒకటి. 'శంకరాభరణం' పాడేనాటికి ఆయన శాస్త్రీయ సంగీతం పద్ధతిగా నేర్చుకోలేదు. కె.వి. మహదేవన్ గారి సహాయకుడు పుహళేంది గారి దగ్గర ఒక్కొక్క పాటా సాధన చేసి పాడారు.

1996లో ఆయనకు యాభై ఏళ్ళు. ఆ సంవత్సరమే ఈటీవీలో 'పాడుతా తీయగా' మొదలైంది. ఒకప్పుడు పోటీలో పాడి గెలిచిన కుర్రాడు ఇప్పుడు పోటీ నడిపే గురువు అయ్యారు. ఉష, మల్లికార్జున్, గోపికా పూర్ణిమ వంటి గాయకులు ఆ వేదిక నుంచే పైకి వచ్చారు. కన్నడంలో 'ఎదె తుంబి హాడువెను', తమిళంలో 'ఎన్నోడు పాట్టుప్పాడుంగళ్' కార్యక్రమాలను కూడా ఆయన నడిపారు.

అవ్వ సెల్‌ఫోనులో నేను ఆ పాత భాగాలు చూస్తుంటాను. పిల్లలు పాడాక ఆయన ముందు మెచ్చుకుంటారు. పాట ఎవరు రాశారు, ఎవరు స్వరపరిచారు అని చెప్తారు. తర్వాతే తప్పు చెప్తారు. 'శ'కు బదులు 'స' పలికినా, 'ళ' బదులు 'ల' వచ్చినా, ఒత్తు పోయినా వదలరు. తానే పలికి చూపించి, మళ్ళీ అనమంటారు. అది చూసినప్పుడు నా తప్పు నాకు తెలిసింది. ప, ఫ, బ, భ నాలుగింటికీ తమిళంలో ఒకటే అక్షరం. రోజంతా తమిళం వినే నాకు 'భాష' అనే మాటే 'బాస' అయిపోతోంది! నన్ను చూసి నవ్వినవాళ్ళు చాలామంది ఉన్నారు, ఎలా పలకాలో చూపించినవాళ్ళు తక్కువ. బాలు గారు చూపించేవారు. ఒకప్పుడు ఉచ్చారణ సరిచేసుకోమని చెప్పించుకున్న మనిషి కాబట్టే పిల్లల మనసు నొప్పించకుండా చెప్పగలిగారని నాకనిపిస్తుంది.

2020 సెప్టెంబరు 25న చెన్నైలో ఆయన కన్నుమూశారు. మర్నాడు తామరైపాక్కంలోని ఆయన తోటలో తమిళనాడు ప్రభుత్వ లాంఛనాలతో అంత్యక్రియలు జరిగాయి. తామరైపాక్కం కూడా తిరువళ్ళూరు జిల్లాలోనే ఉంది. పుట్టిన జిల్లా మట్టిలోనే ఆయన కలిసిపోయారు. మరుసటి ఏడాది భారత ప్రభుత్వం పద్మవిభూషణ్ ప్రకటించింది. ఆయన మావాడని ఆంధ్రులు అన్నారు, మావాడని తమిళులూ అన్నారు. ఇద్దరూ అన్నది నిజమే.

మన బడిలో మనం తెలుగులో చదువుకుంటాం, బయట తమిళంలో బతుకుతాం. రెండిట్లోనూ తప్పులు వస్తాయి. అందుకని ఏదో ఒకటి వదిలేయడం బాలు గారు చేసిన పని కాదు. ఈసారి చిత్తూరు పోయినప్పుడు ఎవరైనా నవ్వితే తల వంచుకోను. "ఎలా అనాలో ఒకసారి అని చూపించు" అని అడుగుతాను.