తాళము గట్టిది, వాడుక వదులు

ఇనుపపెట్టెకు తాళము వేసి తాళపుచెవిని దూలముమీద దాచువారిని మీరెరుగుదురు. పెట్టె యెంత గట్టిదైనను దొంగ ముందుగా దూలమునే తడవును. రహస్యలిపుల చరిత్రయందును ఇట్లే జరిగినది. అట్టి వృత్తాంతము నొకదానిని మనవి చేసెదను.

ఆకాశమార్గమున పోవు రేడియోవార్తను శత్రువైనను వినవచ్చును. కావున మొదటి ప్రపంచయుద్ధానంతరము జర్మను సేనలు తమ వార్తలను ఎనిగ్మా యను యంత్రముతో మరుగుపరచి పంపుచుండెను. అందలి చక్రములు తిరుగుచు, ఒకే యక్షరమును మాటిమాటికి వేరువేరుగా మార్చును. వాని అమరికలు కోట్లకు కోట్లు. ఒక్కొక్కటిగా పరీక్షింప మానవజన్మ చాలదు.

అయినను వాడుకలో లోపముండెను. పంపువాడు ప్రతి వార్తకును మూడక్షరముల సంకేతము నెన్నుకొని, పొరపాటు రాకుండుటకై దానిని రెండుమార్లు మరుగుపరచి వార్తకు ముందుంచవలయునని నియమము. కావున మొదటి నాల్గవ యక్షరములు మూలమున నొక్కటియే యని వినువారికి తెలియుచుండెను. జాగ్రత్తకై చేసిన ఆ పునరుక్తియే వార్సాలోని మరియన్ రెజెవ్‌స్కీ యను గణితజ్ఞునకు ఆధారమయ్యెను. ఫ్రెంచివారు వేగుద్వారా సంపాదించిన పత్రములు తోడుకాగా, 1932 చివర ఆయన సైనికయంత్రమును కంటజూడకయే దాని లోపలి తీగెల కూర్పును కనిపెట్టెను.

1939 జూలైలో పోలెండువారు ఈ విద్యను ఆంగ్లేయులకును ఫ్రెంచివారికిని అప్పగించిరి. సెప్టెంబరులో వారి దేశమే శత్రువుల పాలయ్యెను. 1940 మేనెలలో జర్మను సేన ఆ పునరుక్తిని మానెను. కాని ఆ యంత్రము ఏ యక్షరమును దానినిగానే వ్రాయజాలదు. ఈ లోపమును, ఒకే మూసలో వచ్చు వాతావరణవార్తలును బ్లెచ్లీ పార్కులోని ఆంగ్లేయ పండితులకు దారి చూపెను.

నేడు చేతిఫోనులో మనము పంపు సొమ్మునకును రహస్యలిపియే కావలి. 2014లో అట్టి సాధనమగు ఓపెన్‌ ఎస్‌.ఎస్‌.ఎల్‌.లో హార్ట్‌బ్లీడ్ అను లోపము బయటపడెను. “ఈ మాటను మరల పంపుము, ఇందిన్ని యక్షరములున్నవి” అని ఒక కంప్యూటరు అబద్ధపులెక్క చెప్పినను, రెండవది సరిచూడక తన జ్ఞాపకమందలి రహస్యములను గూడ కలిపి యిచ్చుచుండెను. లిపి చెడలేదు, లెక్క చూచుకొనకపోవుటయే చేటు తెచ్చెను.

ధాన్యము కొలిచి పుచ్చుకొను మీకు నేను వేరుగా చెప్పనేల? తాళమును నమ్ముడు, దూలమును మాత్రము మరువకుడు.