పిష్టపేషణం

శాస్త్రచర్చలలో మన పూర్వులు వాడిన మాట ఒకటి ఉన్నది - పిష్టపేషణం. పిండి అయిన దానినే మరల పిండి చేయడమని అర్థం. చెప్పినదే చెప్పే వాదిని ఆక్షేపించడానికి వాడేవారు. ముప్పై యేళ్ళకు పైగా తరగతిలో ఈ న్యాయాన్ని పిల్లలకు వివరించాను గాని, ఆ తప్పును వాచ్యార్థంలోనే లెక్కగట్టే శాస్త్రం ఒకటి ఉన్నదని పదవీ విరమణ చేసిన తరువాత గాని నాకు తెలియలేదు.

తెలిపినవాడు నా పాత శిష్యుడు. రైల్వేకోడూరు దగ్గరి మంగంపేట ముగ్గురాయిని పొడి చేసే మిల్లులో ఉద్యోగం. ఒక ఆదివారం వచ్చి, "అయ్యవారూ, మా లెక్కల పుస్తకంలో రెండు మాటలున్నాయి. వాటికి తెలుగు చెప్పండి, మావాళ్ళకు పాఠం చెప్పాల" అన్నాడు. ఒకటి సెలక్షన్ ఫంక్షన్, రెండవది బ్రేకేజ్ ఫంక్షన్. విషయం తెలియనిదే మాట పుట్టదు గదా! ముందు నాకు పాఠం చెప్పమన్నాను. ఆ తరువాత పుస్తకాలు తెప్పించుకొని కొన్ని నెలలు చదివాను.

ముగ్గురాయి పొడి చమురు బావులు తవ్వేటప్పుడు వాడే బురదకు బరువు నివ్వడానికి పోతుంది. కొనేవారి ప్రమాణం వింతగా ఉంటుంది. 75 మైక్రాన్ల జల్లెడ మీద నూటికి మూడు పాళ్ళకు మించి నిలవరాదు. అంతవరకు సరే. కాని 6 మైక్రాన్ల కంటె సన్నని ధూళి నూటికి ముప్పై పాళ్ళకు మించరాదట! మైక్రాను అంటే మిల్లీమీటరులో వెయ్యవ వంతు. అతిగా మెత్తనైతే బురద చిక్కబడి పనికిరాకుండా పోతుంది. లోహపు రాయికీ ఇదే చిక్కు. ముతకగా ఉంటే లోహం రాతిలోనే బందీగా ఉండిపోతుంది, మరీ మెత్తనైతే బురదలో కలిసి జారిపోతుంది. పైగా వృథాగా నలిగిన ప్రతి రేణువుకూ విద్యుత్తు ఖర్చు. మిల్లు తినే శక్తిలో కొత్త ఉపరితలాన్ని పుట్టించడానికి నిజంగా అక్కరకు వచ్చేది నూటికి ఒకటి రెండు పాళ్ళు మించదంటారు. తక్కినదంతా చాలావరకు వేడిమి, కొంత చప్పుడు.

ఈ ఖర్చును మొదట లెక్కకు తెచ్చినవాడు ఆస్ట్రియా గనుల ఇంజనీరు పీటర్ ఫాన్ రిట్టింగర్. ఖనిజశుద్ధి మీద 1867లో వెలువడిన తన పాఠ్యగ్రంథంలో ఆయన చెప్పినది సులభమైన ఊహ: రాయి పగిలితే కొత్త ముఖాలు పుడతాయి, పుట్టిన ఉపరితలం ఎంతో శక్తి అంత. ఒక సెంటీమీటరు ఘనాన్ని మిల్లీమీటరు ఘనాలుగా కోస్తే వెయ్యి ముక్కలవుతాయి, ఉపరితలం ఆరు చదరపు సెంటీమీటర్ల నుండి అరవైకి పెరుగుతుంది. పద్దెనిమిదేళ్ళ తరువాత, 1885లో, ఫ్రీడ్రిఖ్ కిక్ కాదన్నాడు. రాయి చిన్నదైనా పెద్దదైనా ఎన్నో వంతుకు తగ్గించామన్నదే ముఖ్యమని ఆయన వాదం.

పది మిల్లీమీటర్ల రాతిని ఒక మిల్లీమీటరుకు, దానిని మరల పదో వంతు మిల్లీమీటరుకు తెచ్చామనుకుందాం. కిక్ లెక్కన రెండంచెలకూ ఖర్చు సమానం. రిట్టింగర్ లెక్కన రెండవ అంచెకు మొదటిదానికి పదింతలు. ఈ తగవు అర్ధశతాబ్దికి పైగా సాగింది. తర్కశాస్త్రంలో మతభేదాలు చదివినవారికి ఇది కొత్త గాదు. ఇద్దరూ తమ తమ దృష్టాంతాలలో సత్యవాదులే.

మూడవ మతాన్ని 1952లో అమెరికాలో ఫ్రెడ్ బాండ్ ప్రతిపాదించాడు. యంత్రాలు తయారుచేసే ఆలిస్-చామర్స్ సంస్థలో ఉద్యోగి ఆయన. తన వ్యాసానికి 'మూడవ సిద్ధాంతం' అనే పేరు పెట్టుకున్నాడు. శక్తి రేణువు కొలత వర్గమూలానికి విలోమంగా మారుతుందన్నాడు. పై ఉదాహరణలో బాండ్ లెక్కన రెండవ అంచె మొదటిదానికి సుమారు 3.16 రెట్లు, అనగా పది వర్గమూలం. ఒకటికీ పదికీ సరిగ్గా నడుమ దారి! రాయికొక అంకె ఇచ్చి దానిని 'వర్క్ ఇండెక్స్' అన్నాడు. ఆ అంకె 14 అయితే, పది మిల్లీమీటర్ల రాతిని 100 మైక్రాన్లకు తేవడానికి రెండువేల పౌండ్ల టన్నుకు 12.6 యూనిట్ల విద్యుత్తు కావాలి. మిల్లు కొనేవాడికి ఇంతకంటె ఏమి కావాలి? తరువాతివారు అది సిద్ధాంతం కాదు, అనుభవసూత్రమే అన్నారు. అన్నా నేటికీ దానినే వాడుతున్నారు. 1961లో ఫిన్లాండు వాడైన హుక్కి ముగ్గురి తగవు తీర్చాడు: పెద్ద రాళ్ళకు కిక్, నడిమి వాటికి బాండ్, మెత్తని పొడికి రిట్టింగర్.

బాండ్ పరీక్షా పద్ధతి చదువుతుంటే మా అమ్మ కళ్ళముందు మెదిలింది. పన్నెండు అంగుళాల చిన్న మిల్లులో ఇనుప గుండ్లతో రాతిని కొంతసేపు తిప్పి, జల్లించి, దిగిన పొడిని తీసివేసి, తీసినంత కొత్త రాతిని చేర్చి మరల తిప్పుతారు. కొత్త రాయి ఒక పాలైతే, తిరిగివచ్చే పాత రాయి రెండున్నర పాళ్ళుగా నిలకడ చెందే వరకు ఇలా సాగాలి. మా అమ్మ జొన్నలు విసిరేటప్పుడు చేసినది ఇదే. విసరడం, జల్లించడం, జల్లెడలో నిలిచిన రవ్వను మాత్రమే మళ్ళీ తిరగలిలో పోయడం. పిండిని మరల తిరగలిలో పోస్తే అమ్మమ్మ ఊరుకునేది కాదు.

అయితే ఈ మూడు మతాలకూ ఒక లోపం ఉన్నది. నూటికి ఎనభై పాళ్ళు ఏ జల్లెడ దిగుతుందో అన్న ఒక్క కొలతతో బాండ్ పొడినంతా వర్ణిస్తాడు. ముగ్గురాయి ప్రమాణానికి అది చాలదు, అక్కడ రెండు కొసలూ తెలియాలి. 1956లో ఇంగ్లండులో బ్రాడ్‌బెంట్, కాల్కాట్ అనే ఇద్దరు బొగ్గు పగలడాన్ని పరిశీలిస్తూ ప్రశ్ననే మార్చివేశారు. ఎంత శక్తి అని అడగలేదు. ఏ జల్లెడ రాయి పగిలి ఏ జల్లెడకు పోతున్నది అని అడిగారు. ఇది భౌతికశాస్త్రం కంటె కరణం గారి చిట్టాకు దగ్గర. పై జల్లెడలో నూరు కిలోలున్నాయి, ఒక విడత తిప్పితే నలభై నలిగాయి అనుకుందాం. ఆ నలభై అనేది సెలక్షన్. ఆ నలభైలో ఇరవై రెండవ జల్లెడకు, పన్నెండు మూడవదానికి, ఎనిమిది పిండికి పోయాయి. ఆ పంపకం బ్రేకేజ్. ప్రతి జల్లెడకూ ఇలా రాసి పట్టిక కడితే మాత్రిక అవుతుంది, విడత తరువాత విడత దానితో గుణించుకుంటూ పోవచ్చు.

చేతితో గుణించాలంటే ఎవరి తరం? కంప్యూటరు రావలసి వచ్చింది. 1960 దశకంలో ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ విశ్వవిద్యాలయంలో ఆల్బన్ లించ్ బృందం పనిచేసే మిల్లులకే వెళ్ళి, నమూనాలు ఎత్తి, జల్లించి, తూచి ఈ పట్టికలను నింపింది. దళ యంత్రాల మాత్రికా సమీకరణాన్ని వైటెన్ కూర్చాడు. ఈ కృషి సారాన్ని లించ్ 1977లో గ్రంథంగా వెలువరించాడు.

ఆ బృందంలో టి.సి.రావు అనే భారతీయుడు ఉండడం నాకు సంతోషం కలిగించింది. ఆయన 1966 నాటి పరిశోధన హైడ్రోసైక్లోన్ మీద. అది నీటి జల్లెడ వంటిది. బురదనీటిని గరాటు ఆకారపు గొట్టంలో సుడి తిప్పితే ముతక కిందికి, సన్నం పైకి పోతాయి. కాని అది అమ్మ జల్లెడ వలె నమ్మకమైనది కాదు. కిందికి దిగే నీరు సన్నని పొడిని కొంత తనతో లాక్కుపోతుంది, అది తిరిగి మిల్లులో పడుతుంది. సీసపు ఖనిజం వంటి బరువైన రేణువు సన్నదై కూడా ముతకరాతితో పాటు కిందికే దిగుతుంది. అదే అసలైన పిష్టపేషణం! నీరు ఏ పాటి కిందికి పోతుందో, ఏ కొలత రేణువు ఎటు మొగ్గుతుందో తెలిపే సూత్రాలను లించ్, రావు 1975లో ఇటలీలోని కాల్యరి మహాసభలో సమర్పించారు. ఆ తరువాత, 1990 దశకం తొలినాళ్ళలో, అమెరికాలోని యూటాలో మిశ్రా, రాజమణి మిల్లులోని ఒక్కొక్క గుండు గమనాన్నీ కంప్యూటరులో లెక్కించారు.

ఇక మాటల సంగతి. 'వరణ ప్రమేయం, భేదన ప్రమేయం' అని నేను సగర్వంగా రాసి ఇచ్చాను. శిష్యుడు చదివి తల గోక్కున్నాడు. "బాగుండాయి అయ్యవారూ, కానీ మా వాళ్ళకు..." అని నసిగాడు. నాకు కోపం రాలేదంటే అబద్ధం. తరువాత ఆలోచించాను. దంచు, నూరు, రుబ్బు, విసరు, నలుపు, చిదుపు - ఒక్కొక్క క్రియకు ఒక్కొక్క యంత్రాన్ని చూపగల భాష మనది. ఇంట్లో ఇన్ని ఉండగా నేను సంస్కృతపు కోశం వెతికాను. 'నలుగుబాటు', 'పగులు పంపకం' అని కొట్టివేసి రాశాను. వాడు నోటుపుస్తకంలో ఎక్కించుకున్నాడు.

మరుసారి వచ్చినప్పుడు తమ మిల్లు పొడి ఒక సంచిలో తెచ్చాడు. మా ఇంటావిడ సంతోషించి, ముగ్గు వేయడానికి వాకిట్లోకి పట్టుకుపోబోయింది.

"అది ముగ్గుకు పనికిరాదమ్మా" అన్నాడు వాడు. "వేళ్ళ నడుమ జారదు, గాలికి లేచిపోతాది. ముగ్గుకు ఇంకా ముతక కావాల."